తగ్గింపు గారి చెల్లెలి సంచి

రేవు దగ్గర కస్టమ్స్ ఆఫీసులో ఆయన్ని అసలు పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. తగ్గింపు గారు అంటే చాలు, గేటు కాపలావాడి నుంచి పైఅంతస్తు అధికారి దాకా అందరికీ తెలుసు. అలాగని ఆయన అంగడి పెట్టి ధర తగ్గించి అమ్మే మనిషి కాదు, దిగుమతి ఏజెంటు. ఓడలో సరుకు తెప్పించుకున్న వ్యాపారుల తరఫున అధికారుల ముందు నిలబడి, ఇది మీరనుకుంటున్నంత గొప్ప సరుకేం కాదండీ, దీనికంత సుంకం దేనికండీ అని ఒప్పించడం ఆయన పని. ఆ పనిలో ఆయన్ని మించినవాడు పుట్టలేదు. పుట్టినా ఇంకా రేవు దాకా రాలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సుంకం ఆఫీసులో ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. లోకంలో ఉన్న ప్రతి వస్తువుకీ అందులో ఒక గది, ఆ గదికి ఒక రేటు. గొడవంతా ఏ వస్తువుని ఏ గదిలో కూర్చోబెట్టాలన్న దగ్గరే వస్తుంది. తివాచీ గదిలో కూర్చుంటే ఒక రేటు, కాళ్లు తుడుచుకునే పట్టా గదిలో కూర్చుంటే అందులో సగం. తగ్గింపు గారు తివాచీని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వెళ్లి గుమ్మం ముందు పడేసేవాడు. పట్టు శాలువాని చలికి కప్పుకునే గుడ్డ చేసేవాడు. ఇంత పొడుగున వేలాడే గాజు దీపాల గుత్తిని బల్బులు తగిలించుకునే కొక్కెం అని నిలబెట్టి వచ్చాడు. పక్కనే నిలబడి వింటున్న సొంతదారులకి కళ్ల నీళ్లు తిరిగేవి. ఒక అత్తరు వ్యాపారి ఆయన వాదన విని, బయటికొచ్చాక, మరీ అంత కంపుగా ఉంటుందాండీ అని దిగులుగా అడిగాడట. సుంకం ఎంత తగ్గిందో కాగితం మీద చూసుకున్నాక దిగులు తీరిందనుకోండి.

ఆయన అబద్ధాలాడేవాడని మాత్రం అనుకోకండి, నాకు కోపం వస్తుంది. ఒక్క అబద్ధం ఆడేవాడు కాదు. దేవుడు చేసిన వస్తువులోనైనా ఏదో ఒక లోపం ఉంటుందని ఆయన నమ్మకం. నమూనా ఇంటికి తెచ్చుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఆ లోపం దొరికేదాకా నిద్రపోయేవాడు కాదు. దొరికిన లోపాన్నే పట్టుకుని వేలాడేవాడు. అందుకే అధికారులకి ఆయన మాటంటే గురి. ఈయన చిల్లు ఉందన్నాడంటే ఎక్కడో చిల్లు ఉండే ఉంటుంది అనేవాళ్లు.

అయితే ఇరవై నాలుగు గంటలూ చేసే పని ఆఫీసు గేటు దగ్గర ఆగుతుందా? ఆగదు. ఇంటికీ వచ్చేసింది. భార్య చేసిన వంటకి ఆయనిచ్చే పెద్ద బిరుదు "తినొచ్చు". అంతకు పైన ఏమీ లేదు. పెళ్లైన కొత్తలో ఇద్దరూ కలిసి దిగిన ఫొటో చూపించి ఎలా ఉన్నానండీ అని ఆవిడ అడిగితే, గుర్తుపట్టొచ్చు అన్నాడు. ఆవిడ గట్టి మనిషి. కొన్నాళ్లు ముఖం మాడ్చుకుని, ఆ తర్వాత ఆయన భాష నేర్చేసుకుంది. తినొచ్చు అంటే అద్భుతం అనీ, ఫరవాలేదు అంటే బావుందనీ, ఏమీ అనకపోతే ఉప్పెక్కువైందనీ లెక్క కట్టేసుకుని హాయిగా కాపురం చేసుకుంటోంది.

ఆ భాష నేర్చుకోలేకపోయింది ఆయన చెల్లెలు.

చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకి సూదీ దారమే లోకం. అన్నయ్యకి రుమాలు కుడితే ముక్కు తుడుచుకోవడానికి పనికొస్తుంది అన్నాడు. రుమాలు ఎందుకుందనుకున్నాడో ఆ మహానుభావుడు! పెద్దయ్యాక దిండు గలీబుల కొట్టు పెట్టింది, ఎన్నాళ్లుంటుందిలే అన్నాడు. రెండేళ్లు ఉంది. బడిపిల్లల దుస్తులు కుట్టే పని పెట్టింది. ఇదీ చూద్దాం అన్నాడు. చూస్తుండగానే మూతపడింది, ఆ బడి మూతపడింది కాబట్టి. తప్పు ఆమెది కాదు. కానీ ప్రతి కొట్టూ తెరిచినప్పుడు ఆమె మొదట పిలిచింది అన్నయ్యనే, ప్రతిసారీ ఆయన ముఖంలోకి చూసింది ఒక్క మాట కోసమే. భర్త మెచ్చుకుంటాడుగా అంటారేమో. ఆయన బంగారంలాంటి మనిషి, ఏది చూపించినా భలే ఉందంటాడు. వర్షం పడినా భలే ఉందంటాడు. అలాంటి మెచ్చుకోలుకి సుంకమూ లేదు, విలువా లేదు. అన్నయ్య నోటి నుంచి బావుంది అన్న మాట వినాలని ఆమెకి ప్రాణం. యాభైకి దగ్గరపడుతున్నా ఆ ఆశ చావలేదు. ఇలాంటివి పైకి చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు, వదినకి తప్ప.

ఈసారి ఆమె పెట్టింది గుడ్డ సంచుల వ్యాపారం.

సంచి ఆమె సొంత ఊహ. ఎంత మేర గుడ్డ, ఎక్కడ మడత, ఎక్కడ కుట్టు అన్నీ తనే గీసి, దూరదేశంలో ఒక కుట్టుపనివాళ్ల కార్ఖానాకి పంపి కుట్టించింది. దళసరి నూలు గుడ్డ, పట్టుకోవడానికి రెండు పట్టీలు. ఊళ్లో కూరగాయల దుకాణాలవాళ్ల సంఘం పెద్ద, ఇలాంటి సంచి మా వినియోగదారులకి ఇస్తాం, ఫలానా ధరకైతే మొత్తం తీసుకుంటాం అన్నాడు. ఆ మాట నమ్ముకుని, దాచుకున్నదంతా ఊడ్చిపెట్టి కంటైనరు నిండా సంచులు తెప్పించింది. కంటైనరు రేవులో దిగింది. అక్కడ చిక్కు వచ్చి పడింది.

పుస్తకంలో సంచులకి రెండు గదులున్నాయి. సరుకు నింపి కట్టి పంపేసి, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోని సంచులకి ఒకటి. దానికి సుంకం తక్కువ. చేత్తో పట్టుకుని బజారుకి వెళ్తూ వస్తూ ఏళ్ల తరబడి వాడుకునే సంచులకి ఇంకొకటి. దానికి సుంకం వాచిపోతుంది. రెండో గదిలో పడిందంటే సంచి ధర దుకాణాల పెద్ద చెప్పిన ధరని దాటిపోతుంది. ఆయన వద్దంటాడు. సంచులన్నీ ఆమె ఇంటి వసారాలో కూర్చుంటాయి.

కాబట్టి నాలుగు రోజులు వాడితే చినిగిపోయే సంచి అని ఎవరైనా నిరూపించాలి. ఎవరైనా ఏమిటి, ఆ ఊళ్లో ఆ పనికి ఒకే ఒక్కడున్నాడు.

ఆమె ఒక సంచి చేత్తో పట్టుకుని అన్నయ్య ఇంటికి వచ్చింది. తగ్గింపు గారు సంచి అందుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, వెలుతురులో పట్టి చూసి, ఇదేం గుడ్డ, గోధుమలు పోసుకునే గోతాం గుడ్డలా ఉంది అని మొదలుపెట్టాడు. వదిన గుమ్మంలో నిలబడి మొగుడికి కళ్లతో సైగ చేసింది. ఆయన సైగలు చూసే మనిషయితే ఈ కథే లేదు. పైగా ఆ రోజు ఆయన మహా సంతోషంగా ఉన్నాడు. సొంత చెల్లెలి పని, తనకి చేతనైన పని, ఊరికే చేసిపెట్టే పని. ప్రేమంతా పొంగుకొచ్చింది. ఆ ప్రేమలో సంచిని ఇంకా గట్టిగా తిట్టాడు.

"అధికారి దగ్గర ఇంతకు పదింతలు తిడతాను చూడు, నువ్వేం దిగులు పెట్టుకోకు" అన్నాడు.

"నీకు కొత్తగా నేర్పాలా అన్నయ్యా, నా వస్తువేగా" అంది ఆమె. అనేసి వదిన ఇచ్చిన టీ తాగకుండానే వెళ్లిపోయింది. ఆయనకి అందులో ఏమీ తెలియలేదు. చెల్లెలు ధైర్యం తెచ్చుకుని వెళ్లిందనుకున్నాడు.

సంచుల ఫైలు చూసే అధికారి ఒక మేడమ్. ఎవరేం చెప్పినా తల కాస్త పక్కకి వంచి వింటుంది, ముఖంలో ఒక్క గీత కదలదు. ఏడ్చి చెప్పినా అంతే, నవ్వించినా అంతే. సంచిని ఒకసారి చూసి, ఇది బజారు సంచిలాగే ఉందండీ అంది. కాదండీ అన్నాడు తగ్గింపు గారు. అయితే షెడ్డులో బరువు పెట్టి చూద్దాం, మీరు కూడా ఎందుకు కాదో చూసుకుని రండి అని, ఒక నమూనా ఆయనకిచ్చి, ఒకటి తను ఉంచుకుని పంపేసింది.

ఇక ఇంట్లో మొదలైంది భాగోతం.

ఆయన అలవాటు చెప్పానుగా, లోపం దొరకాలి. ముందు పట్టీలు లాగి చూశాడు. చేతులు నొప్పెట్టాయి. సంచి నిండా బంగాళాదుంపలు పోసి తలుపు వెనక కొక్కేనికి తగిలించాడు, ఏమీ కాలేదు. దుంపలు తీసి ఇటుకలు వేశాడు. కాసేపటికి ధబేలుమని చప్పుడైంది. లోపం దొరికిందని ఆనందంగా పరిగెత్తుకొచ్చాడు. ఊడింది గోడలోని కొక్కెం. సంచి ఇటుకలతో సహా నేలమీద నిక్షేపంలా కూర్చుని ఉంది. గోడకి పడిన చిల్లు చూసి భార్య ఏమందో నేను రాయను.

రంగు పోతుందేమోనని వేడినీళ్లలో ఉడకబెట్టాడు. నీళ్లు తేటగా ఉన్నాయి, పొయ్యి మీద గిన్నె మాత్రం మాడింది. కుంచించుకుపోతుందేమోనని ఎండలో ఆరేశాడు. అంగుళం తగ్గలేదు. ఇటుకలు వేసి వీధి ఈ చివర నుంచి ఆ చివరకి రోడ్డు మీద ఈడ్చుకుంటూ వెళ్లాడు. ఎదురింటాయన తన గేటు దగ్గర నిలబడి, ఏం సార్, ఇల్లు మారుతున్నారా అని అడిగాడు. అడుగున మట్టి అంటింది తప్ప నూలుపోగు లేవలేదు. పక్కింటివాళ్ల కుక్కకి ఇచ్చి చూశాడు. అది కాసేపు కొరికి, విసుగొచ్చి, దానిమీద తల పెట్టుకుని పడుకుంది.

"దొరికిందా?" అని రోజూ భోజనం దగ్గర అడుగుతుంది భార్య.

"దొరుకుతుందిలే" అంటాడు ఆయన. ఆ మాటలో రోజురోజుకీ పస తగ్గిపోతోంది.

చివరికి ఒక సాయంత్రం సంచిని లోపలివైపు తిరగేసి, భూతద్దం పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. మామూలు సంచుల్లో పట్టీని అంచు దగ్గర నాలుగు కుట్లు వేసి వదిలేస్తారు. బరువెక్కితే మొదట తెగేది అక్కడే. ఆయన పాతికేళ్లుగా ఏ సంచినైనా అక్కడే పట్టుకుంటున్నాడు. ఈ సంచిలో పట్టీ అంచు దగ్గర ఆగలేదు. పక్కనుంచి కిందికి దిగి, అడుగు కింద నుంచి చుట్టి, అవతలివైపు పైకి వచ్చింది. బరువంతా పట్టీ మీదే కూర్చుంటుంది, కుట్టు మీద కాదు. కుట్టు తెగినా పట్టీ ఊడదు. ఊడదలుచుకున్నా ఊడదు. ఎంత తెలివిగా ఆలోచించింది చెల్లెలు అనుకున్నాడు.

అలా అనుకున్నాక ఒక సంగతి గుర్తొచ్చి ఆయన చేతిలో భూతద్దం ఒళ్లోకి జారింది. చెల్లెలు చిన్నప్పుడు, బడికి వెళ్లే రోజుల్లో, తన పుస్తకాలకి తనే ఒక సంచి కుట్టుకుంది. అది తగిలించుకుని అన్నయ్య ముందుకొచ్చి తిరిగి చూపించింది. పట్టీ ఊడుతుంది చూడు అన్నాడు ఆయన. బడి దారిలో నిజంగానే ఊడింది, పుస్తకాలు బురదలో పడ్డాయి. చెప్పానా అన్నాడు. ఆ పిల్ల ఏడవలేదు, పుస్తకాలు ఏరుకుని ఇంటికి వెళ్లింది. అంతే, ఆయన మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదన్నమాట. ఇన్నేళ్లూ పట్టీ ఊడని సంచి ఎలా కుట్టాలా అని ఆలోచిస్తూనే ఉందన్నమాట. ఆయనకి సిగ్గేసింది. సిగ్గుతో పాటు చెప్పలేనంత గర్వం కూడా వచ్చింది, ఆ గర్వాన్ని ఏం చేసుకోవాలో తెలియక సంచి మడతపెట్టి మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. భార్య దీపం వేయడానికి వచ్చి, దొరికిందా అని అడిగింది. ఆయన పలకలేదు. ఈసారి ఉప్పెక్కువ కాలేదని ఆవిడకి అర్థమైంది.

షెడ్డులో పరీక్ష రోజు వచ్చింది. ఇనుప తలుపులు, ఎత్తైన రేకుల కప్పు, గోనెల దుమ్ము, మధ్యలో పెద్ద కాటా. చెల్లెలు ఒక మూల నిలబడి చేతులు నలుపుకుంటోంది. పొద్దున్నే దుకాణాల పెద్ద ఫోన్ చేసి, ధర పెరగదు కదమ్మా, పెరిగితే నేను ఆలోచించుకోవాలి అన్నాడట. అన్నయ్యని చూడగానే దగ్గరికొచ్చి, బాగా తిట్టు అన్నయ్యా, ఏమీ మిగల్చకు అంది. ఇన్నేళ్లలో ఆయన తన వస్తువుని తిట్టాలని ఆమె కోరుకున్నది ఆ ఒక్క రోజే.

మేడమ్ తన దగ్గరున్న సంచి తీసి హమాలీ చేతికిచ్చింది. అతను ఇనుప తూకపు రాళ్లు ఒక్కొక్కటే వేసి, పైకెత్తి కింద పెట్టి, పైకెత్తి కింద పెట్టి, కాసేపటికి తనే కూలబడ్డాడు. సంచి బావుంది, హమాలీకే నడుం పట్టేసింది. మేడమ్ దగ్గరికొచ్చి పట్టీలు చూసింది, అడుగు చూసింది. ముఖంలో గీత కదలలేదు. మన పని అయిపోయింది అనుకుంది చెల్లెలు.

కానీ మేడమ్ తగ్గింపు గారి వైపు తిరిగి నెమ్మదిగా మాట్లాడింది. ఒక్క నమూనా గట్టిగా ఉంటే మొత్తం సరుకు అలాగే ఉంటుందని లేదట. ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు ఏజెంటు మాటకీ కొంత విలువ ఇవ్వొచ్చట.

"ఇన్నేళ్లలో మీరు లేని లోపం ఉందని ఎప్పుడూ చెప్పలేదు. ఇది ఎక్కువ కాలం వాడే సంచి కాదని మీరు చెప్పండి చాలు, తక్కువ రేటే వేసేస్తాను" అంది.

చెల్లెలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే ఏం కావాలి? అన్నయ్య నోరు తెరవడమే తరువాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆయన చేస్తున్నది అదేగా.

తగ్గింపు గారు గొంతు సవరించుకున్నాడు. గుడ్డ అన్నాడు. ఆగాడు. గుడ్డ కొంచెం, అన్నాడు. మళ్లీ ఆగాడు. నుదురు తుడుచుకున్నాడు. చెల్లెలు కళ్లతోనే బతిమాలింది. ఆయన ఆ కళ్లలోకి చూశాడు, చూడకుండా ఉంటే బావుండేది. ఆ చూపు ఆయన ఎరిగినదే. రుమాలు చేతికిచ్చినప్పుడు చూసిన చూపు, కొట్టు తలుపులు తెరిచినప్పుడు చూసిన చూపు. ఆమె ఇప్పుడడుగుతున్నది వేరు. కానీ ఆయనకి ఆ తేడా ఆ క్షణంలో తెలియలేదు, లేదా తెలిసినా నోరు ఆగలేదు.

"చాలా మంచి సంచి మేడమ్" అన్నాడు.

అని ఊరుకున్నాడా? ఊరుకుంటే ఇంకా బతికిపోయేవాళ్లు. జన్మకంతా సరిపడా దాచిపెట్టిన మెచ్చుకోలుకి ఒక్కసారిగా కట్ట తెగింది. పట్టీ అడుగు నుంచి ఎలా చుట్టి వచ్చిందో చూడండి మేడమ్ అన్నాడు. కుట్టు అంచుల్ని లోపల నాడాతో ఎలా మూసేసిందో చూడండి అన్నాడు. వేడినీళ్లలో ఉడకబెట్టాను, కుక్కకిచ్చాను, మా గోడ పోయింది కానీ ఇది పోలేదు అన్నాడు. పాతికేళ్లలో నా చేతుల మీదుగా ఎన్ని సంచులు వెళ్లాయో, ఇలాంటిది ఒక్కటి చూడలేదు, మనవలు కూడా వాడుకోవచ్చు అన్నాడు. చెల్లెలు వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగుతూనే ఉంది. చొక్కా చిరుగు పట్టింది, ఆయన ఆగలేదు. ఈ ఆలోచన ఏ కార్ఖానాదీ కాదు, మా చెల్లెలిది, అదిగో అక్కడ నిలబడిందే, అదే అని చెయ్యి చాపి చూపించాడు. ఆమె అక్కడ లేదు, ఆయన వెనకే చొక్కా పట్టుకుని ఉంది.

హమాలీ నడుం నొక్కుకోవడం మానేసి వింటున్నాడు. మేడమ్ అంతా విని, ఫైలు తెరిచి, ఎక్కువ రేటున్న గది అంకె వేసి సంతకం చేసింది. వెళ్తూ వెళ్తూ, మొత్తానికి మీరు కూడా మెచ్చుకున్నారన్నమాట అంది. అప్పుడు ఆవిడ ముఖంలో ఒక గీత కదిలిందని హమాలీ ఇప్పటికీ అంటాడు.

బయట ఎండలో అన్నాచెల్లెళ్లు ఇద్దరూ నిలబడ్డారు. చెల్లెలి ముఖం జేవురించింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. తిట్టింది. ఆయన్ని ఆ రేవులో అంతలా తిట్టినవాళ్లు లేరు. లారీవాళ్లు ఆగి చూశారు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు, చిరిగిన చొక్కా గాలికి కొట్టుకుంటోంది.

"నా జన్మలో ఎప్పుడూ అనలేదు కదా, ఇవాళే అనాలా అన్నయ్యా? ఇక్కడే అనాలా?" అంది చివరికి.

లోపం దొరకలేదమ్మా అన్నాడు ఆయన, చిన్నగా. అది విని ఆమెకి ఇంకా కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తేల్చుకోలేక పైటతో ముఖం తుడుచుకుంది. ఆ తర్వాత వ్యాపారం గుర్తొచ్చింది.

"పద, దుకాణాల పెద్ద దగ్గరికి. పెంచిన ధర నువ్వే చెప్పు. లోపల ఆవిడకి చెప్పిందంతా ఆయనకీ చెప్పు" అంది.

దుకాణాల పెద్ద తక్కెళ్ల మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కొత్త ధర వినగానే సంచి అందుకుని, అరచేత్తో ఒకసారి తట్టి, మొదలుపెట్టాడు. ఏముందమ్మా ఇందులో, గుడ్డ ముక్కకి రెండు పట్టీలేగా అన్నాడు. రంగు చూస్తే దుమ్ములో పడి లేచినట్టుంది అన్నాడు. పట్టీ ఇంత పొడుగెందుకు, గుడ్డ దండగ, చేతనైనవాళ్లు ఇలా కుట్టరు అన్నాడు. ఇలాంటివి ఎన్నాళ్లుంటాయిలే అని కూడా అన్నాడు.

తగ్గింపు గారికి ఒళ్లు భగ్గుమంది. చెవులు వేడెక్కాయి. ఎవడండీ ఈ మనిషి, చూసి చూడకుండా, పట్టీ ఎక్కడికి వెళ్లిందో తిరగేసి అయినా చూడకుండా, ఒకళ్ల బుర్ర, ఒకళ్ల చెయ్యి, ఒకళ్ల రాత్రులు పెట్టి చేసినదాన్ని ఇలా నోటికొచ్చినట్టు అనేయడానికి నోరెలా వచ్చింది అనుకున్నాడు. నాలుగు దులిపేద్దామని ముందుకు కదిలాడు. కదిలి, పక్కకి చూశాడు. చెల్లెలు చిన్న నవ్వు ముఖాన పెట్టుకుని, రెప్ప వేయకుండా, వింటూ నిలబడి ఉంది. ఒక్క మాట తగలనివ్వకుండా ఎలా నిలబడాలో బాగా తెలిసినదానిలా నిలబడింది. అది చూశాక వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. చెప్పాలని దారంతా కూడగట్టుకున్నవన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

బేరం ఆమే చేసుకుంది. దుకాణాల పెద్ద ఇంకాసేపు తిట్టి, మొత్తం కాదు గానీ సగం సంచులు పెంచిన ధరకే తీసుకుంటాననీ, అవి పోయాక మిగతావి చూద్దామనీ అన్నాడు. ఆమె సరేనంది. వసారాలో కూర్చోబోయేవి సగమే అన్నమాట, మిగతా సగం కోసం ఆమె ఊరంతా తిరగాలి. తిరుగుతుంది, ఆమె సంగతి మీకు తెలియదు.

వీధిలోకి వచ్చాక ఇద్దరూ ఇంటిదారి పట్టారు. అంతగా తిట్టినవాడు ఎందుకు కొన్నాడని ఆయన అడిగాడు. కొనాలని లేకపోతే అంతసేపు తిట్టడు అన్నయ్యా అంది ఆమె. ఆయన ఇంకొంత దూరం నడిచాడు. అడగాలా వద్దా అని తటపటాయించాడు. చివరికి ముఖం పక్కకి తిప్పుకుని అడిగేశాడు.

"నేనూ ఇలాగే అనేవాడినా?"

ఆమె ఆగి, ఆయన చొక్కా చిరుగుని వేళ్లతో దగ్గరికి లాగి చూసింది. ఎన్ని కుట్లు పడతాయో చూసుకుంటున్నట్టుంది.

"లేదులే అన్నయ్యా. నువ్వు ఇంతకంటే చాలా బాగా అనేవాడివి" అంది.